టెక్ సందేహాలు: ఫ్రీ చెకింగ్ అని పేపర్ అప్‌లోడ్ చేసేస్తారా?

ప్రశ్న: మా డేటా ఎక్కడ దొరుకుతుందో పేపర్‌లో రాశాం. అయినా జర్నల్ వాళ్ల ఆటోమేటిక్ చెకింగ్ ‘డేటా వివరాలు లేవు’ అని తిప్పి పంపింది. మళ్లీ పంపే ముందు చెక్ చేసుకోవడానికి ఫ్రీ వెబ్‌సైట్లు కనిపిస్తున్నాయి. ఏది వాడమంటారు?

జవాబు: ఏదీ వద్దు. ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని వస్తూనే ఉంది కాబట్టి ఈసారి కాస్త గట్టిగానే చెబుతాను.

ముందు తిప్పి పంపడం సంగతి. ఇలాంటి టూల్స్‌లో చాలావరకు పేపర్‌ను అర్థం చేసుకోవు, వెతుకుతాయి. ఆడ్‌పబ్ అనే టూల్ అయితే డేటా షేరింగ్‌కు సంబంధించిన మాటలు, రిపాజిటరీ (డేటాను దాచిపెట్టే సైట్) పేర్లు ఒకచోట ఉన్నాయా అని చూస్తుంది. పీడీఎఫ్‌ను టెక్స్ట్‌గా మార్చేటప్పుడు రెండు కాలమ్‌లు కలిసిపోయినా, లైన్ నంబర్లు వాక్యం మధ్యలో దూరినా మీ వాక్యం దానికి కనబడకపోవచ్చు. ఆ పేరాను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కలగాపులగంగా వస్తే అసలు గొడవ అక్కడే ఉంది.

ఇక అప్‌లోడ్. అచ్చు కాని పేపర్‌ను ఊరూపేరూ లేని సైట్‌లో పెడితే ఆ ఫైల్ ఎంతకాలం ఉంచుతారో, ఏ మోడల్ ట్రైనింగ్‌కు వాడతారో ఎవరికి తెలుసు? వర్డ్ ఫైల్ అయితే నాకు ఇంకా టెన్షన్. అందులో మీ గైడ్ కామెంట్లు ఉంటాయి. క్రాప్ చేసిన ఫొటోలో కనబడని భాగం కూడా ఫైల్‌లోనే మిగిలి ఉండొచ్చు. ఎక్సెల్ గ్రాఫ్‌ను ఎంబెడ్ చేసి ఉంటే, దానిమీద క్లిక్ చేసి డేటా ఎడిట్ నొక్కి చూడండి, మొత్తం వర్క్‌బుక్ తెరుచుకుంటుంది. రోగుల పేర్ల షీట్‌తో సహా! పేపర్ మీదే కావచ్చు, రోగుల వివరాలు మీవి కావు. రివ్యూకి వచ్చిన పేపర్‌ను ఇలా అప్‌లోడ్ చేసేవాళ్లూ ఉన్నారు. అమెరికాలో వైద్య పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 2023లోనే గ్రాంట్ల రివ్యూలో జనరేటివ్ ఏఐ వాడొద్దని చెప్పింది. గోప్యత పోతుందనే.

చెక్ చేసుకోవాలంటే మీ కంప్యూటర్‌లోనే నడిచేవి ఉన్నాయి. ఆడ్‌పబ్, స్టాట్‌చెక్ రెండూ ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో నడిచే ప్యాకేజీలే. పేపర్‌లో రాసిన స్టాటిస్టిక్స్ అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని స్టాట్‌చెక్ చూస్తుంది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 28, టీ విలువ 2.20 అని రాస్తే పీ విలువ సుమారు 0.036 రావాలి. మీరు 0.36 అని కొడితే స్టాట్‌చెక్ పట్టేస్తుంది. అయితే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో వాక్యంలో రాస్తేనే. టేబుల్‌లో ఉన్న అంకెల జోలికి మామూలుగా పోదు.

అసలు నాకు ఒళ్లు మండేది వేరే ఉంది. డేటా గురించి ఏదో ఒక వాక్యం ఉంటే చాలనుకునే చెకింగ్‌లో ‘అడిగితే డేటా ఇస్తాం’ అని రాసినవాళ్లు హాయిగా పాసైపోతారు. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో అలా రాసిన 1,792 పేపర్ల రచయితలను నిజంగానే డేటా అడిగారు. 93 శాతం మంది జవాబివ్వలేదు, లేదా కుదరదన్నారు. డేటా నిజంగా పెట్టిన మీ పేపరేమో లైన్ నంబర్ల పుణ్యమా అని వెనక్కొచ్చింది! ఏ పేజీలో, ఏ వాక్యం దగ్గర ఆగిపోయిందో రిపోర్ట్‌లో చూపిస్తే జర్నల్ వాళ్ల సొమ్మేం పోతుంది?

ప్రస్తుతానికి లైన్ నంబర్లు తీసేసి, డేటా వివరాలకు వేరే హెడింగ్ పెట్టి, డీఓఐ (మీ డేటాకు ఇచ్చిన శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు నంబర్) పూర్తిగా రాసి పంపండి. మళ్లీ తిప్పి పంపితే ఆ పేరా కాపీ చేసి ఎడిటర్‌కే మెయిల్ పెట్టండి.