రచయిత్రి ఓల్గా రాసిన ‘సమాగమం’ కథలో శూర్పణఖ మనకు తెలిసిన రాక్షసిలా ఎందుకు లేదు?

చూసేవాళ్లు మారారు కాబట్టి. అరణ్యకాండలో ఆమెను మనం రామలక్ష్మణుల వైపు నిలబడి చూస్తాం. అక్కడ ఆమె వికార రూపి, పైగా సిగ్గులేకుండా ఎగబడింది. ముక్కూ చెవులూ కోసినా పెద్దగా బాధనిపించదు.

ఓల్గా కథలో లవకుశులు అడవిలో ఒక అందమైన తోట చూసొచ్చి తల్లికి చెప్తారు. ఆ తోట పెంచినావిడకు ముక్కూ చెవులూ లేవు, కురూపి అంటారు. వాల్మీకి ఆశ్రమంలో పెరుగుతున్న పిల్లలు కూడా ముందు మొహమే చూశారు! సీత మాత్రం ఎవరో గ్రహించి, తోటకు తీసుకెళ్లమంటుంది. వెళ్తే, ఒకప్పుడు అందమైన ప్రతిదాన్నీ అసహ్యించుకున్న శూర్పణఖ మొక్కల మధ్య మళ్లీ ఎలా మనిషైందో చెప్తుంది. ఆమెను ఇష్టపడే తోడు కూడా ఉన్నాడు.

అక్కడక్కడా సంభాషణలు ఉపన్యాసంలా సాగుతాయన్నది నిజమే. ఆ మేరకు కథనం పలచబడింది. కానీ భర్త వదిలేసిన సీత, మరిది ముక్కు కోసిన స్త్రీని వెతుక్కుంటూ వెళ్లడమనే ఊహ చాలా బలమైంది.

ఈ కథ ‘విముక్త’ సంపుటిలో ఉంది. 2015లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ప్రకటించారు. అహల్య కథ ‘మృణ్మయనాదం’ కూడా అందులోనే ఉంది. దీని తర్వాత అది చదవండి.