షుగర్ లేని జెల్లీ: ముందు దేంతో గడ్డకట్టించాలో తేల్చుకో

అమ్మడూ,

పంచదార మానేసి స్వీటెనర్ వేస్తే పండ్ల జెల్లీ ఎంతకీ గట్టిపడలేదని రాశావు. నీ చేతిలో లోపమేమీ లేదు. ఆ రకం జెల్లీలో పంచదార ఉన్నది తీపి కోసమే కాదు. పండ్లలోని పెక్టిన్ అనే జిగురు పదార్థం గడ్డకట్టాలంటే తగినంత పులుపుండాలి, మొత్తం బరువులో 60 శాతం దాకా పంచదారా ఉండాలి. పంచదార నీటిని తనవైపు లాక్కుంటేనే పెక్టిన్ పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అది లేకపోతే ఎంత మరిగించినా రసం రసంగానే ఉంటుంది. అందుకే స్వీటెనర్ సంగతి తర్వాత, దేంతో గడ్డకట్టించాలో ముందు తేల్చుకో.

బ్రెడ్డు మీద రాసుకునే రకమే కావాలంటే, లో మెథాక్సిల్ పెక్టిన్ అని ఒకటి దొరుకుతుంది. అది పంచదారతో కాదు, కాల్షియంతో గట్టిపడుతుంది. ప్యాకెట్‌లో కాల్షియం పొడి విడిగా ఇస్తే, వాళ్లు చెప్పిన కొలత ప్రకారమే వెయ్యి. ఇక్కడ కంటి అంచనా పనికిరాదు.

కప్పులో పోసుకుని చెంచాతో తినే జెల్లీ అయితే ఇంత టెన్షన్ లేదు. జెలటిన్‌కీ అగర్ అగర్‌కీ గట్టిపడడానికి పంచదార అక్కర్లేదు. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మం నుంచి వస్తుంది కాబట్టి తినేవాళ్లు శాకాహారులేమో ముందే అడుగు. అర లీటరుకు 8 గ్రాములు చాలు. చల్లటి నీళ్లలో చల్లి పది నిమిషాలు నాననిచ్చి, సన్నసెగన కరిగించు, మరిగించకు. ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలుంచితే తొణుకుతూ, నోట్లో పెట్టగానే కరిగే జెల్లీ వస్తుంది. పచ్చి అనాస, బొప్పాయి, కివీ మాత్రం వేయకు. వాటిలోని ఎంజైములు జెలటిన్‌ను ముక్కలు చేసేస్తాయి, తెల్లారేదాకా ఉంచినా గడ్డకట్టదు. ముక్కలను ముందే బాగా ఉడికిస్తే ఆ బెడద ఉండదు.

నన్నడిగితే అగర్ అగరే మేలంటాను. సముద్రపు నాచు నుంచి తీస్తారు, చైనా గ్రాస్ అన్నా అదే. అర లీటరుకు 4 నుంచి 5 గ్రాముల పొడి. దీన్ని తప్పనిసరిగా రెండు మూడు నిమిషాలు మరగనివ్వాలి, లేకపోతే అడుగున ఇసకలా మిగిలిపోతుంది. నిమ్మరసం లాంటి పులుపు దించాకే కలుపు, పులుపుతో కలిపి మరిగిస్తే పట్టు తగ్గిపోతుంది. గిన్నెల్లో పోసే ముందు ఒక చెంచాడు చల్లటి పళ్లెంలో వేసి చూడు. కాసేపట్లో గడ్డకట్టి, వేలితో నొక్కితే మెత్తగా తగలాలి. రాయిలా ఉంటే ఇంకాస్త వేడి రసం కలుపు. జారిపోతే చిటికెడు పొడి వేసి మళ్లీ మరిగించు. ఇది 40 డిగ్రీల లోపే గట్టిపడుతుంది, మళ్లీ కరగాలంటే 85 దాకా కావాలి. ఎండాకాలమైనా బల్లమీద నిలబడుతుంది. 1881లో ఫానీ హెస్సె అనే ఆవిడ వంటింటి అగర్‌ను సూక్ష్మజీవులను పెంచే ప్రయోగశాలకు సూచించిందీ ఈ గుణం వల్లే. అక్కడి వెచ్చదనానికి జెలటిన్ కరిగిపోయేదట!

ఇక తీపి. సుక్రలోజ్, స్టీవియా మరిగినా తట్టుకుంటాయి. ఆస్పర్టేమ్ ఎక్కువసేపు మరిగితే తీపి పోతుంది కాబట్టి దించాక వెయ్యి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లకు అది అసలు పెట్టకూడదు. స్టీవియా కాస్త ఎక్కువైతే చేదు, సగం వేసి రుచి చూడు. ఎరిథ్రిటాల్‌కు పంచదార తీపిలో మూడింట రెండొంతులే ఉంటుంది. ఎక్కువ పోస్తే ఫ్రిజ్‌లో పలుకులు కట్టి పంటికింద కరకరలాడుతుంది. మాల్టిటాల్ ఉన్నవి ఎక్కువ తింటే కడుపు ఉబ్బి, విరేచనాలవుతాయి. చెంచా కొలతల్లో అమ్మే స్వీటెనర్ పొడులు చాలావాటిలో బరువు కోసం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం కలుపుతారు, రక్తంలోకి చేరేసరికి అది గ్లూకోజే. పండ్లరసంలోనూ సహజ చక్కెర ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్ల కోసమైతే రసం తగ్గించి నీళ్లు పెంచు, రుచికి నిమ్మతొక్క తురుము, అల్లం ముక్క చాలు.

పంచదార లేని జెల్లీకి నిలవ ఉండే శక్తి తక్కువ. ఏడాదికని సీసాలు నింపి అల్మారాలో దాచకు. ఫ్రిజ్‌లో మూత పెట్టి, చెంచాతో తినే జెల్లీని మూడు నాలుగు రోజుల్లో, బ్రెడ్డు మీద రాసుకునేదాన్ని రెండు వారాల్లో అయ్యేలా చేసుకో. మిగిలిన పెక్టిన్ జెల్లీని చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. అగర్ జెల్లీ మాత్రం ఫ్రీజర్‌లో పెడితే నీరంతా బయటికి కారిపోతుంది.

ఈసారి ఏ పండుతో చేస్తావో రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ