రీకాన్ ప్లగ్ ఇంట్లోనే మార్చుకోవచ్చు, కానీ ముందు పాత ప్లగ్ మూతి చూడండి

మీరు చెప్పినదాన్ని బట్టి, హోండా రీకాన్ 250 అనే నాలుగు చక్రాల పొలం బండి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు, చలికాలం మూడు నెలలు షెడ్‌లో కవర్ కప్పి పడేశారు, ఇప్పుడు సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవట్లేదు, ఎప్పుడైనా అందుకున్నా నాలుగుసార్లు డుబ్ డుబ్ మని ఆగిపోతోంది, షాపువాళ్ళేమో స్పార్క్ ప్లగ్ మార్చి చూస్తాం 140 డాలర్లు అవుద్ది అన్నారు, ఇంట్లో మనమే మార్చుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా మార్చుకోవచ్చండి. ప్లగ్ ఖరీదు కాఫీ అంత కూడా ఉండదు, పని ఇరవై నిమిషాలు, అందులో పది నిమిషాలు పానా ఎక్కడ పెట్టామా అని వెతుక్కోడానికే పోతాయి. కాకపోతే మీ రోగం ప్లగ్‌లోనే ఉందా అన్నది వేరే సంగతి, అది తెలుసుకోకుండా నేను మూడు ప్లగ్గులు వేస్ట్ చేశా, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

మాది కూడా అదే బండి. డాలస్‌కి ఉత్తరాన అన్నా అని ఒక ఊరుంది (నిజంగానే ఊరి పేరు అన్నా, మా అమ్మకి ఫోన్‌లో చెప్తే ఎవర్నిరా పిలుస్తున్నావ్ అంది), దాని అవతల మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి కాస్త నేల కొన్నాం. అచ్చం మా గుంటూరు వైపు నల్లరేగడే, వాన పడితే చెప్పుకి కేజీ మట్టి అంటుకుంటది, కారు దిగబడిపోద్ది, కాబట్టి కంచె చూసుకోడానికీ మొక్కలకి నీళ్ళ క్యాన్లు మోయడానికీ ఒక పాత రీకాన్ తెచ్చాం. 1997లో మొదలైన మోడల్ అది, పేరుకి 250 గానీ నిజానికి 229 సీసీ, ఒకటే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజన్, పెట్రోల్‌నీ గాలినీ కలిపి పంపే కార్బరేటర్. అంటే మన ఊళ్ళో బైకు ఇంజన్‌కి నాలుగు చక్రాలు తగిలించినట్టే, భయపడాల్సిందేం లేదు.

నాకు ప్లగ్గులు చిన్నప్పటి నుంచీ అలవాటే. మా నాన్నకి టీవీఎస్ 50 ఉండేది, టూ స్ట్రోక్ కదా, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తారు, అది కాలీ కాలక ప్లగ్‌కి కార్బన్ పట్టేది, నెలకోసారైనా రోడ్డు పక్కన ఆపి ప్లగ్ విప్పి గరుకు కాయితంతో గీకి, పెట్రోల్ గుడ్డతో తుడిచి, యాక్సాబ్లేడు ముక్క మొన దగ్గర నిప్పు దూకే సందులో దూర్చి గ్యాప్ చూసి బిగించేవాడు. నేను పక్కన నిలబడి పానా అందించేవాణ్ణి. ఆ ధీమాతోనే ఇక్కడ రీకాన్ స్టార్ట్ అవ్వనప్పుడు ఏముందిలే ప్లగ్గే అని విప్పి చూస్తే నల్లగా మసి, కొత్తది వేశా, ఒక్క సెల్ఫ్‌కి లేచింది. కాలర్ ఎగరేశా. రెండు వారాలకి మళ్ళీ అదే కథ, మళ్ళీ మసి, మళ్ళీ కొత్తది. మూడోసారి కూడా అయ్యాక అప్పుడు బుర్రకి తట్టింది, ఇది ఫోర్ స్ట్రోక్ రా బాబూ, దీని పెట్రోల్లో ఆయిల్ ఉండదు, మరి ఊరికే ఎందుకు మసి పడుతోంది అని. సీటు తీసి గాలి ఫిల్టర్ డబ్బా మూత విప్పితే లోపల ఎలుక కాపురం. ఎండుగడ్డి, ఎవరి సీటుదో స్పాంజి ముక్కలు, పల్లీ తొక్కలు, అన్నీ కుక్కి గూడు కట్టుకుంది. ఇంజన్‌కి గాలి అందక పెట్రోల్ ఎక్కువై మసి పడుతోందన్నమాట. గూడు పీకేసి ఫిల్టర్ కడిగి ఆయిల్ పట్టించి పెట్టాక నాలుగో ప్లగ్ ఇప్పటికీ అదే నడుస్తోంది. షెడ్‌లో మూడు నెలలు పడున్న బండి కాబట్టి మీరు కూడా ప్లగ్ ముట్టుకోకముందే ఆ మూత ఒకసారి విప్పండి, ఐదు నిమిషాల పని.

సరే ఇప్పుడు అసలు పని. రీకాన్‌కి ఎన్జీకే కంపెనీ డీపీఆర్7ఈఏ-9 అనే ప్లగ్ పడుద్ది, డెన్సోలో అయితే ఎక్స్22ఈపీఆర్-యూ9, ఎందుకైనా మంచిది మీ ఏడాది మోడల్ పుస్తకంలో సరిచూసుకుని కొనండి. ఆ నంబర్ బూతులా కనపడ్డా దానికో అర్థం ఉంది, డీ అంటే మర 12 ఎంఎం లావు, 7 అంటే వేడి తట్టుకునే లెక్క (ఎన్జీకేలో అంకె పెరిగే కొద్దీ చల్లగా ఉండే ప్లగ్), ఈ అంటే మర పొడుగు 19 ఎంఎం, చివరి 9 అంటే గ్యాప్ 0.9 ఎంఎం. ఇందులో పొడుగు చాలా ముఖ్యం. షాపులో ఇది కూడా పట్టుద్దిలే అని మర లావు చూసి పొడుగు చూడకుండా ఇస్తే, అసలు ఉండాల్సినదానికంటే పొడుగు ప్లగ్ లోపల పిస్టన్‌కో వాల్వుకో తగిలే ప్రమాదం ఉంది. పిల్లలు తొక్కే చైనా 110 సీసీ బండ్లకి ఏ7టీసీ అని వేరే చిన్న ప్లగ్ వస్తుంది, 10 ఎంఎం మర, అది దీనికి పనికిరాదు, దీనిది దానికి పనికిరాదు.

పానా దగ్గర అందరూ బోల్తా పడతారు. ఇక్కడ షాపుల్లో మామూలుగా దొరికే ప్లగ్ సాకెట్లు 5/8, 13/16 ఇంచులవి, దీనికి ఆ రెండూ పట్టవు, 18 ఎంఎం కావాలి. కంపెనీ ఇచ్చే టూల్ కిట్‌లో ప్లగ్ పానా ఉంటది గానీ సెకండ్‌హ్యాండ్ బండిలో టూల్ కిట్ ఉంటే మీ అదృష్టం. దగ్గర్లో ఉన్నది కదా అని పెద్ద సైజు సాకెట్ పెట్టి వంకరగా తిప్పితే తెల్ల పింగాణీ టప్‌మని పగులుద్ది, ఆ ముక్కలు ఏరుకోలేక ఏడవాలి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. ప్లగ్ దిగే సిలిండర్ హెడ్ అల్యూమినియం, ప్లగ్ ఇనుము, వేడి మీద బలవంతంగా తిప్పితే హెడ్‌లో మరలు ఊడొస్తాయి. బండి చదును నేల మీద పెట్టి, బ్రేక్ లాక్ చేసి, తాళం తీసి జేబులో వేసుకోండి. ట్యాంకు కింద నుంచి వచ్చే లావుపాటి నల్ల వైరు పట్టుకుని వెళ్తే చివర ప్లగ్ క్యాప్ ఉంటది, వైరు పట్టుకుని లాగకండి, క్యాప్‌నే పట్టుకుని కొంచెం అటూ ఇటూ తిప్పుతూ లాగండి.

క్యాప్ ఊడిందా, ఆగండి, పానా పెట్టకండి. ముందు ప్లగ్ చుట్టూ ఉన్న మట్టి వదిలించాలి. నా దాంట్లో క్యాప్ పక్కనే ఇంజన్ రెక్కల సందుల్లో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టింది, మన ఇంటి కిటికీ మూలల్లో కడతాయే అలాంటివే, ఇక్కడ కూడా బోలెడు. అది చూసుకోకుండా ప్లగ్ విప్పుంటే ఆ మట్టి మొత్తం బెల్లం ముక్కల్లాగా సిలిండర్‌లో పడేది, ఇక సిలిండర్‌కి గీతలే గీతలు. గాలి పంపు ఉంటే దాంతో కొట్టండి, లేకపోతే పాత టూత్ బ్రష్‌తో గీకి, సైకిల్ పంపుతో అయినా ఊదండి, కళ్ళద్దాలు పెట్టుకుని. తర్వాత పానా నిటారుగా కూర్చోబెట్టి ఎడమ వైపుకి తిప్పడమే. ఎప్పటిదో ప్లగ్ అయితే మొరాయిస్తుంది, మర నూనె కొట్టి అరగంట వదిలేయండి, కొంచెం వదులు చెయ్యడం, కొంచెం బిగించడం, మళ్ళీ వదులు చెయ్యడం, అలా ఓపిగ్గా రాబట్టాలి.

బయటికి వచ్చిన ప్లగ్‌ని పారేయకండి, ఇదే అసలు విషయం. ఆయుర్వేదం డాక్టర్ నాలుక చాపమన్నట్టు ప్లగ్ మూతి, అంటే ఇంజన్ లోపల ఉండే కొస, చూడాలి. లేత కాఫీపొడి రంగులోనో ఇటుక బూడిద రంగులోనో ఉంటే ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది, మీ గొడవ ప్లగ్‌ది కాదు. పొడి మసి, వేలితో రాస్తే కాటుకలా అంటితే గాలి తక్కువ పెట్రోల్ ఎక్కువ, ఫిల్టర్ చూడండి, చోక్ లాగి వదిలేసి తిరుగుతున్నారేమో చూసుకోండి (మావాడొకడు పొలం అంతా చోక్ మీదే తిరిగొచ్చాడు). జిడ్డుగా నూనె మెరుస్తుంటే మాత్రం రింగులో వాల్వ్ సీళ్ళో అరిగి ఇంజన్ ఆయిల్ పైకొస్తోందని, అది ఇంట్లో తేలే పని కాదు. సున్నం కొట్టినట్టు తెల్లగా, మొన దగ్గర చిన్న చిన్న పొక్కులుంటే ఇంజన్ విపరీతంగా వేడెక్కుతోంది, గాలి ఎక్కడో దొంగచాటుగా దూరుతోంది లేదా కార్బరేటర్ జెట్ మూసుకుపోయింది, అలా నడపకండి. తడిగా పెట్రోల్ వాసనొస్తే సెల్ఫ్ ఎక్కువ కొట్టి ప్లగ్‌ని పెట్రోల్లో ముంచేశారు, తుడిచి ఆరబెడితే చాలు.

కరెంటు వస్తోందా లేదా అని కూడా అప్పుడే చూసుకోవచ్చు. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి దాని ఇనప ఒంటిని ఇంజన్‌కి గట్టిగా ఆనించి, తాళం పెట్టి సెల్ఫ్ కొడితే నీలం రంగు నిప్పు టిక్ టిక్ మని దూకాలి. పసుపుగా బలహీనంగా దూకితే ప్లగ్గో క్యాపో ప్లగ్‌కి కరెంటు పంపే కాయిలో అనుమానించాలి. ఆనించేటప్పుడు రబ్బరు పిడి ఉన్న పటకారు వాడండి, వేళ్ళతో పట్టుకోకండి, చిన్నప్పుడు మా ఊళ్ళో మెకానిక్ దగ్గర పనిచేసే పిల్లలు కొత్తోణ్ణి పట్టుకోరా అని ఆట పట్టించేవాళ్ళు, ఆ షాక్ నేనూ తిన్నా, మోచేతి దాకా గుంజేస్తది. ప్లగ్ రంధ్రం నుంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది కాబట్టి నిప్పు దానికి దూరంగా ఉండాలి, ముందు పెట్రోల్ కాక్ కట్టేయండి. ప్లగ్ దేనికీ ఆనించకుండా గాల్లో వేలాడదీసి మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు, కాయిల్ మీదా, ఆ కరెంటుని సమయానికి వదిలే సీడీఐ డబ్బా మీదా భారం పడి పోయే అవకాశం ఉంది.

కొత్తది డబ్బాలోంచి తీయగానే బిగించకుండా గ్యాప్ చూడండి, 0.8 నుంచి 0.9 ఎంఎం ఉండాలి. మా నాన్న యాక్సాబ్లేడు లెక్క ఇక్కడ పనికిరాదండోయ్, బ్లేడు మందం 0.65 దగ్గర ఉంటది, టీవీఎస్‌కి సరిపోయిందేమో గానీ దీనికి తక్కువ. సందు కొలిచే ఫీలర్ గేజ్ నాలుగైదు డాలర్లకి దొరుకుతుంది. ఎక్కువుంటే పైనున్న కొక్కేన్ని చెక్క మీద మెల్లగా తట్టండి, తక్కువుంటే కొక్కేన్నే కొంచెం లేపండి, మధ్య మొనని మాత్రం తాకొద్దు. ఇంకోటి, కొత్త ప్లగ్ నెత్తి మీద చిన్న బుడిపె నట్టు ఉంటది, అది మరతో ఊడొస్తుంది. పాత ప్లగ్‌కి అది లేకపోతే కొత్తదానికీ తీసెయ్యాలి, నేను మొదటిసారి అది తియ్యకుండా క్యాప్ ఎందుకు కూర్చోవట్లేదా అని అరగంట కుస్తీ పట్టా.

బిగించడం చేత్తోనే మొదలుపెట్టాలి, పానాతో కాదు. చెయ్యి దూరని చోట ఒక జానెడు రబ్బరు పెట్రోల్ పైపు ముక్క ప్లగ్ నెత్తికి తొడిగి దాంతో తిప్పండి, మర వంకరగా పడితే పైపు జారిపోద్ది గానీ మర పాడవదు. చేత్తో ఆగేదాకా తిరిగాక పానా పెట్టి ఇంకో అర చుట్టు, కొత్త వాషర్ నలిగి కూర్చోవడం చేతికే తెలుస్తుంది. పాత ప్లగ్గే తిరిగి వేస్తుంటే వాషర్ అప్పటికే నలిగుంటది కాబట్టి ఎనిమిదో వంతు చుట్టు చాలు. బిగింపు బలం కొలిచే టార్క్ పానా ఉంటే 18 న్యూటన్ మీటర్లు. మా నలుగురిలో ఒకడు చక్రాల నట్లు బిగించే బ్యాటరీ గన్‌తో ప్లగ్ బిగించాడు, మూడు సెకన్లలో పని అయిపోయింది, మరలు కూడా అయిపోయాయి, హెడ్ విప్పి కొత్త మర చుట్ట దించడానికి వాడికి అయిన ఖర్చుతో వందకి పైనే ప్లగ్గులొచ్చేవి. మరకి గ్రీజు పూస్తే మంచిదని కొందరంటారు, ఎన్జీకే వాళ్ళే వద్దంటారు, జారుడుకి తెలియకుండా ఎక్కువ బిగుసుకుపోద్దని.

ఇదంతా చేశాక కూడా అందుకోకపోతే మీ కేసులో నాకు అనుమానం పెట్రోల్ మీదే. ఇక్కడి పెట్రోల్లో చాలావరకు పది శాతం ఇథనాల్ ఉంటది, నెలల తరబడి కదలకుండా ఉంటే తేమ పీల్చి, జిగురు కట్టి కార్బరేటర్ సన్న రంధ్రాలు మూసేస్తది. కార్బరేటర్ గిన్నె అడుగున చిన్న స్క్రూ ఉంటది, కింద డబ్బా పెట్టి అది వదులు చేసి పాతది వంచేయండి, వార్నిష్ వాసనొస్తే సందేహమే లేదు, ట్యాంకు కూడా ఖాళీ చేసి కొత్తది పోసి చూడండి.

మీ పాత ప్లగ్ కాఫీపొడి రంగులోనే ఉంటే తుడిచి, పానాతో పాటు గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టుకోండి. పోయిన వేసవిలో మా వెనక కంచె దగ్గర బండి ప్లగ్‌ని పెట్రోల్లో ముంచేసి ఆగిపోతే ఎండలో అరమైలు నడవకుండా నన్ను ఇంటికి చేర్చింది అలా దాచిన ప్లగ్గే.