అమ్మడూ, రీల్స్ తర్వాత, ముందు ఒక నోట్‌బుక్ కొను

అమ్మడూ,

మొన్న ఫోన్లో గొంతు పూడుకుపోయినట్టు మాట్లాడినావు కదా, మూడు నెల్లుగా రోజుకో రీల్ పెడ్తాన్నా పెదనాన్నా, బొబ్బట్ల రీల్‌కి 40 వేల వ్యూస్ వచ్చినాయి, ఆ వారం ఆర్డర్లు మాత్రం ఆరే అని. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఫోన్లో చెప్దామంటే మధ్యలో పాప లేస్తుంది, మాట తెగిపోతుంది, అందుకే కూర్చుని టైప్ చేస్తన్నా, పొడుగైనా ఓపిగ్గా చదువుకో.

ముందు నీ ఇన్‌స్టా పేజీ ఇన్‌సైట్స్ తెరిచి, చూసినోళ్ళు ఏ ఊర్ల వాళ్ళో చూడు. నీ బొబ్బట్టు రెండ్రోజులకి మించి నిలవుండదు, బెంగళూరులో మారతహళ్ళి నుంచి బెళ్ళందూరు, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం దాకా బైక్ మీద పంపగలవు, అంతే. యాడో కాకినాడలోనో కరీంనగర్‌లోనో కూర్చుని చూసినామె నోరూరి లైక్ కొడుతుంది, ఆమె కొంటానన్నా నువ్వు పంపలేవు. బొబ్బట్ల రీల్ అయితే మొదటి రెండు మాటల్లోనే మారతహళ్ళిలో ఇంట్లో చేస్తానని చెప్పు, లొకేషన్ పెట్టు. పప్పుల పొడి, నిప్పట్లు (చెక్కలు), చెనిక్కాయల పొడి కొరియర్‌కి తట్టుకుంటాయి కాబట్టి వాటిని దూరం వాళ్ళకి చూపించు. అన్నీ ఒకే గంపలో వేసి ఊరంతా చూపిస్తే వ్యూస్ వస్తాయి గానీ పెట్టెలు కదలవు.

ఇంగ నా సంగతి. 1991లో హిందూపురం నుంచి వచ్చి సుల్తాన్‌పేటలో పెళ్ళి పత్రికల షాపు పెట్టినప్పుడు ఆ వీధిలో ఇటు చూసినా అటు చూసినా పత్రికల షాపులే, అందరి దగ్గరా దాదాపు అవే డిజైన్లు, అవే రేట్లు, నన్నే వెతుక్కుంటూ ఎవరొస్తారు చెప్పు. అప్పుడు మీ జేజినాన్న ఒక మాట చెప్పినాడు, కొన్నోడి పేరు రాసి పెట్టుకోరా అని. అప్పట్నుంచి పత్రిక వేయించుకున్న ప్రతి ఇంటికీ ఒక పేజీ. పేరు, ఊరు, ముహూర్తం, ఎవరు పంపితే వచ్చినారు, ఇంట్లో పెళ్ళి కావాల్సినోళ్ళు ఇంకెవరున్నారు. రెండేళ్ళకి ఫోన్ చేసి మీ రెండోవాడి చదువు అయిపోయిందా అన్నా అంటే, ఇంత గుర్తుందా నీకు అని అవతల గొంతు మెత్తబడేది. గుర్తుండి కాదు తల్లీ, రాసుకున్నా కాబట్టి.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, తర్వాత పెళ్ళికి 50 మందే అని రూలు పెట్టినారు, 50 మంది పెళ్ళికి 500 పత్రికలు ఎవడు కొట్టిస్తాడు. షాపు మూసి ఇంట్లో కూర్చుంటే అద్దె ఆగదు కదా. ఆ పాత నోట్‌బుక్కులు 26 ఉంటే అన్నీ ముందేసుకుని రోజుకి 15 మందికి ఫోన్ చేసినా, అమ్మడానికి కాదు, ముందు అందరూ బాగున్నారా అని. పెళ్ళి వాయిదా పడినోళ్ళు, చిన్నగా చేసుకుంటున్నోళ్ళు చానామంది ఉన్నారు, పత్రిక వద్దు గానీ వాట్సాప్‌లో పంపేది ఏమైనా చేసిస్తావా అని వాళ్ళే అడిగినారు. మీ అన్న కంప్యూటర్లో చేసిస్తే పంపినా, కింద చిన్నగా మా షాపు నంబరు. ఒక పెళ్ళి కార్డు ఎన్ని ఫోన్లు తిరుగుతుందో నీకు తెలుసు కదా, ఆ నంబరు చూసి కొత్తవాళ్ళు ఫోన్ చేసినారు. నాకప్పుడు ఇన్‌స్టా అంటే ఏంటో కూడా సరిగా తెలీదు. కొన్నోళ్ళ చేతుల మీదుగా వెళ్ళింది కాబట్టే నమ్మినారు.

అందుకే అడుగుతున్నా, ఇప్పటిదాకా నీ దగ్గర కొన్నోళ్ళు ఎంతమంది? 200 దాకా ఉంటారన్నావు, వాళ్ళలో ఎంతమంది పేర్లు చెప్పగలవు? ఈ వారం రీల్ పెట్టకు, ఏం కాదు. ఆ టైమ్‌లో పాత చాట్లన్నీ తిరగేసి ఒక్కొక్కళ్ళ పేరు, అపార్ట్‌మెంటు, ఏం కొన్నారు, ఎవరు చెప్తే వచ్చినారు రాసుకో. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో లేబుల్స్ ఉంటాయి, డబ్బు రావాల్సినోళ్ళు, మళ్ళీ మళ్ళీ కొనేవాళ్ళు, కారం తక్కువ అడిగేవాళ్ళు, అమెరికాకి తీసుకెళ్ళేవాళ్ళు అని పెట్టుకో. ఆ చివరిది మర్చిపోవద్దు, పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు టికెట్ తీసుకున్న నెలలోనే సూట్‌కేస్ లెక్కలు వేసుకుంటారు, పొడులు కిలోల్లెక్కన కొంటారు, పోయినేడు కొన్న ఇంటికి ఈ ఏడు నువ్వే ముందు అడిగితే ఆర్డర్ నీదే.

వాట్సాప్‌లో ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ గురించి అడిగినావు. ఒక లిస్టులో 256 మందిదాకా పడతారు, కానీ నీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయి ఉంటేనే మెసేజ్ చేరుతుంది, ఇది తెలీక నువ్వు పంపినవి సగం మందికి అందలేదేమో. ప్రతి పెట్టెలో చిన్న చీటీ పెట్టి ఈ నంబరు సేవ్ చేసుకోండి, ఈసారి ఏం చేస్తున్నానో చెప్తా అని రాయి. నెలకి రెండుసార్లు చాలు. గుడ్ మార్నింగ్ పూలు, కొటేషన్లు పంపొద్దు తల్లీ, ఒక్కసారి మ్యూట్ చేసినారంటే ఇంగ నువ్వు బంగారం అమ్మినా చూడరు.

అపార్ట్‌మెంట్ గ్రూపులు బెంగళూరులో నీలాంటి వాళ్ళకి ఇన్‌స్టా కన్నా పెద్ద బజారు. 600 ఫ్లాట్లుండే ఒక్క సొసైటీ అంటే మన పల్లె కన్నా పెద్దది కదా. కానీ నీకు ఎవరో లింకు ఇస్తే చేరి పది నిమిషాల్లో రేట్ల లిస్ట్ పెట్టినావు, అడ్మిన్ తీసేసినాడని బాధ పడినావు. వాళ్ళ ఇంటి వాకిట్లోకి పోయి పలకరించకుండా గంప దించితే ఎవరికైనా అట్లే ఉంటుంది. ఆ సొసైటీలో నీ దగ్గర రెండుసార్లు కొన్న ఒకామెని అడుగు, ఆమె ఒక ఫోటో పెట్టి నేను తిన్నా బాగున్నాయి అంటే నీ 50 పోస్టులకి సమానం. అమ్ముకోడానికి వేరే గ్రూపో, వారంలో ఫలానా రోజో ఉంటే అక్కడే, ఆ రోజే పెట్టు. పండక్కి ముందు క్లబ్‌హౌస్‌లో స్టాల్ ఇస్తే టేబుల్ అద్దె చూసి వెనక్కి పోవద్దు, రుచి చూపించడానికి చిన్న ముక్కలు పెట్టుకుని, కొనకపోయినా పేరు, నంబరు అడిగి రాసుకో.

పండగలంటే ఇంకోటి. సంక్రాంతికి మనోళ్ళు సగం మంది బస్సెక్కి ఊర్లకి పోతారు, పోయినోళ్ళకి అక్కడ అమ్మ చేసిన అరిసెలుంటాయి. నువ్వు అప్పుడు కష్టపడి బోలెడు చేసి పెట్టుకుని మిగిలిపోయినాయని ఏడ్చినావు. సెలవు దొరకనోళ్ళు, ఇక్కడే ఉండేవాళ్ళు ఎవరో ముందే అడిగి అంతవరకే చెయ్యి. ఉగాదికి, శ్రావణమాసం వరలక్ష్మీ వ్రతానికి ఎక్కువమంది ఇక్కడే ఉంటారు, ఆఫీసుకి పోతూ పూజ చేసుకునే ఆడపిల్లలు, వాటికి 20 రోజుల ముందు చెప్పడం మొదలుపెట్టు, ఆర్డర్లు ఫలానా తేదీకి ఆపేస్తా అని రాయి, రాస్తే ఆపు కూడా.

భాష. మనం ఉండేది కన్నడ వాళ్ళ ఊర్లో, 35 ఏళ్ళు అన్నం పెట్టిన ఊరు నాకిది. నువ్వు బొబ్బట్లు అని మాత్రమే రాస్తే హోళిగె, ఒబ్బట్టు అని వెతికేవాళ్ళకి ఎట్లా దొరుకుతావు? చెక్కలంటే వాళ్ళకి తెలీదు, నిప్పట్టు అంటే కళ్ళు వెలుగుతాయి. క్యాప్షన్లో, కేటలాగ్‌లో, గూగుల్ లిస్టింగ్‌లో రెండు పేర్లూ పెట్టు, పక్కింటామెని అడిగి కన్నడంలో రెండు లైన్లు తప్పుల్లేకుండా రాయించు. గూగుల్‌లో ఇంటి అడ్రస్ కనపడకుండా దాచి, డెలివరీ ఇచ్చే ఏరియాలు మాత్రం చూపించొచ్చు, ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి అట్లే చెయ్యి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తానని ఎవరికీ చెప్పొద్దు, గూగుల్ ఒప్పుకోదు, చదివేవాళ్ళకీ తెలిసిపోతుంది. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళిచ్చే ఆహార రిజిస్ట్రేషన్ నంబరు 14 అంకెలు ప్యాకెట్ మీదే కాదు, కేటలాగ్ ఫోటోలో కూడా కనపడనీ, పిల్లలకి పెట్టే తల్లులు అది చూస్తారు.

ఫాలోవర్లు తెచ్చిస్తామని నీకు ఫోన్ చేసినోళ్ళకి డబ్బు కట్టొద్దు. 2019లో నేను ఒక ఏజెన్సీకి 30 వేలు కట్టినా, రెండు వారాల్లో మా ఫేస్‌బుక్ పేజీకి 8 వేల మంది వచ్చినారు, ఒక్కడు పత్రిక రేటు అడగలేదు, పేర్లు చూస్తే ఏ దేశం వాళ్ళో కూడా తెలీదు. అదే డబ్బుతో 60 కుటుంబాలకి శాంపిల్ పెట్టె పంపించొచ్చు. వీడియోలు చేసే అమ్మాయికి డబ్బిచ్చి చెప్పిస్తే అది ప్రకటన అని ఆమె రాయాల, 2021 నుంచి ప్రకటనల వాళ్ళ సంఘం ఏఎస్‌సీఐ రూలు ఉంది, రాయనంటే ఆమెతో పనొద్దు.

నెట్‌వర్కింగ్ అంటే కార్డులు పంచడం అనుకుంటున్నావు. నేను పత్రిక వేయించుకున్నోళ్ళకి మంచి సన్నాయి మేళం, కేఆర్ మార్కెట్‌లో పూలవాళ్ళు, వంటవాళ్ళ నంబర్లు ఇచ్చేవాణ్ణి, కమీషన్ అడగలేదు ఎప్పుడూ. ఆర్నెల్లకి వాళ్ళే పత్రికలు కావాలంటే ఫలానా ఆయన దగ్గరికి పొండి అని పంపడం మొదలుపెట్టినారు. నువ్వూ అట్లే, పక్క సొసైటీలో పచ్చళ్ళు పెట్టే ఆమెని పోటీ అనుకోకు, నీకు పచ్చడి ఆర్డర్ వస్తే ఆమెకి పంపు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది, కార్యక్రమాలకి పాపని ఎత్తుకుని పో, అక్కడ పురోహితులు, క్యాటరింగ్ వాళ్ళు అందరూ కలుస్తారు, వ్రతానికి పిండివంటలు ఎవరు చేస్తారని జనం మొదట అడిగేది పురోహితుణ్ణే. ఆడవాళ్ళ వ్యాపారాల కోసం 1983 నుంచి అవేక్ సంస్థ ఉంది ఇక్కడే, ఒకసారి పోయి కనుక్కో. పొద్దున్నే వారం వారం కలిసే బీఎన్ఐ లాంటి వ్యాపారస్తుల గ్రూపులు మంచివే గానీ ఫీజు ఎక్కువ, నీకు ఇప్పుడే వద్దు.

నిప్పట్లు విరిగి చేరినాయని ఒకామె గ్రూపులో రాస్తే నువ్వు కొరియర్ వాణ్ణి తిడుతూ ఆరు మెసేజ్‌లు పెట్టినావంట, అల్లుడు చెప్పినాడు. అట్లా చేయొద్దు. మా షాపులో ఒకసారి ముహూర్తం రాత్రి అని ఉండాల్సింది పగలు అని పడింది, తప్పు మాదే. ఆ రాత్రే 400 పత్రికలు మళ్ళీ కొట్టించి తెల్లారేసరికి జయనగర్‌లో వాళ్ళింటికి నేనే తీసుకుపోయినా, డబ్బు తీసుకోలేదు. ఆ కుటుంబం తర్వాత 11 పెళ్ళిళ్ళ పని ఇచ్చింది. గ్రూపులో ఒక్క లైన్ రాయి, క్షమించండి, ఈ రోజే ఫోన్ చేస్తా అని, ఫోన్ చేసి కొత్తవి పంపు.

ఇంకో భయం నాకు. ఆర్మీ ఆఫీసర్ని, 50 పెట్టెలు కావాలి, అడ్వాన్స్ పంపుతా ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యి అని ఎవడైనా అంటే పెట్టెయ్ ఫోన్. డబ్బు రావడానికి నువ్వు యూపీఐ పిన్ కొట్టే పనే లేదు. పొరపాటు జరిగితే నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ అని ఉంటుంది, ఆ ఆరంకెల పిన్ ఈ రాత్రే పెట్టుకో, ఆ నంబరు పోతే 200 కుటుంబాలు పోయినట్టే.

ఆదివారం పొద్దున ఇంటికి రా. పెద్దమ్మ ఉగ్గాణి చేస్తానంది. ముగ్గురు క్యాటరింగ్ వాళ్ళకి, మల్లేశ్వరంలో ఒక శాస్త్రిగారికి నీ గురించి చెప్పినా, నలుగురికీ తలా అరకిలో నిప్పట్లు, ఆరు బొబ్బట్లు కట్టుకుని రా, నేనే తీసుకుపోతా. వచ్చేటప్పుడు 200 పేజీల నోట్‌బుక్ ఒకటి కొనుక్కుని, ఒక్కొక్కళ్ళకి ఒక పేజీ లెక్కన, ఎన్ని పేర్లు రాయగలిగితే అన్ని రాసుకునే రా.

మీ పెదనాన్న