బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్ సినిమాల్లోకి రాకముందు నాటకాల్లో ఏం వేషాలు వేసేవాడు?
ఈ ఐర్లాండ్ నటుడు సినిమాల వల్లే మనకి తెలుసు గానీ మనిషి డబ్లిన్ అబ్బే థియేటర్ సరుకు. అసలు పేరు విలియం షీల్డ్స్, పగలు గవర్నమెంట్ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం నాటకం, పై ఆఫీసర్లతో గొడవెందుకని పేరు మార్చుకున్నాడు. చిన్న వేషాలతో మొదలెట్టి 1924లో షాన్ ఓకేసీ రాసిన 'జూనో అండ్ ది పేకాక్'లో కెప్టెన్ బాయిల్‌గా దుమ్ము లేపాడు, పని మాటెత్తితే చాలు కాళ్ళ నొప్పులు అనే తాగుబోతు వేషం అది, నన్నడిగితే ఆయన తర్వాత వేసినవన్నీ దానికి తమ్ముళ్ళే. 1926లో 'ది ప్లౌ అండ్ ది స్టార్స్'లో ఫ్లూథర్ గుడ్ వేషం, ఈస్టర్ తిరుగుబాటుని (1916లో బ్రిటిష్ పాలన మీద ఐర్లాండ్ వాళ్ళు చేసింది) అవమానించారని జనం స్టేజీ ఎక్కి కొట్లాటకి దిగింది ఆ నాటకానికే. ఉద్యోగం మాత్రం 1929 దాకా వదల్లేదు, అప్పటికే నలభై దాటేశాయి!