వైరు తగిలించకుండా రాగి పెరుగుతుందా?

వైరు అంటించకుండా, ఉత్త విద్యుత్ క్షేత్రంతోనే రెండు రాగి ముక్కల మధ్య లోహం పెంచవచ్చా అని అడిగారు. మీరు ప్రయత్నిస్తే నీళ్లు వేడెక్కడం తప్ప ఏమీ జరగలేదన్నారు. పెంచవచ్చండి. నేనూ మొదట సరిగ్గా అక్కడే ఆగిపోయాను. పవర్ సప్లైని అనుమానించే ముందు నీళ్ల సంగతి చూడండి.

విశాఖలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు అప్పుడు నేను వాడింది బోరు నీళ్లు. పెదవాల్తేరులో మా గది సముద్రానికి దగ్గర, ఆ నీళ్లు నోట్లో పోసుకుంటేనే ఉప్పగా తగిలేవి. పవర్ సప్లైకి కలిపిన రెండు గ్రాఫైట్ కడ్డీలు నీళ్లలో ముంచి, వాటికి తగలకుండా మధ్యలో రాగి ముక్కలు వేశాను. 30 వోల్టులు పెట్టగానే కడ్డీల దగ్గర బుడగలు, గిన్నె వేడి. రాగి ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొని తెచ్చి, గిన్నెను దానితోనే మూడుసార్లు కడిగి మళ్లీ పెట్టాను. లెన్సులోంచి చూస్తుంటే, నెగటివ్ కడ్డీ వైపున్న ముక్క అంచుకు ఎర్రటి నూగు మొలిచింది. కొమ్మలు వేసుకుంటూ రెండో ముక్క దాకా పాకి అంటుకుంది. ఎంత సంతోషమేసిందో!

నీళ్లలో ఉప్పుంటే కరెంటు ముక్కను పట్టించుకోకుండా నీళ్ల గుండానే పోతుంది. ఉప్పు లేకపోతే ముక్క రెండు కొసల మధ్య వోల్టేజి తేడా పని చేస్తుంది: ఒక కొస కరుగుతుంది, రెండో కొస మీద రాగి పేరుకుంటుంది. ఆ తేడా ఎంతంటే, క్షేత్రాన్ని (అంటే కడ్డీల మధ్య సెంటీమీటరుకు ఎన్ని వోల్టులో దాన్ని) ముక్క పొడవుతో గుణించినంత. సెంటీమీటరుకు 10 వోల్టులుంటే మిల్లీమీటరు ముక్కకు 1 వోల్టు వస్తుంది. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువుకు అదే 1 వోల్టు కావాలంటే సెంటీమీటరుకు 10,000 వోల్టులు కావాలి. అది ఇంట్లో చేసే పని కాదు, దయచేసి ఆ జోలికి పోకండి.

అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీలో జీన్-క్లాడ్ బ్రాడ్లీ బృందం 1997లో నేచర్ పత్రికలో చూపించింది ఈ రాగి తీగనే. సర్క్యూట్లలో కనెక్షన్లు ఇలా పెంచవచ్చన్నది వాళ్ల ఆలోచన. తర్వాత గ్రాఫైట్ రేణువులకు ఒక కొసనే పల్లాడియం పట్టించారు. ఉత్ప్రేరకాలు (రసాయన చర్యల్ని వేగం చేసే పదార్థాలు) చేసేవాళ్లకు ఇది చాలా విలువైన సంగతి, అంత ఖరీదైన లోహం కావలసిన చోటే కూర్చుంటుంది.

రాగి కరిగేకొద్దీ నీళ్లలో అయాన్లు (ఉప్పులాగే కరెంటును మోసే కణాలు) పెరుగుతాయి కాబట్టి ప్రతిసారీ కొత్త నీళ్లు పోయండి. ముక్కల్ని గరుకు కాగితంతో రుద్ది, మధ్య మిల్లీమీటరు కంటే ఎక్కువ ఎడం ఉంచకండి. అప్పటికీ పెరగకపోతే కడ్డీల మధ్య దూరం, వోల్టులు ఇక్కడే రాయండి, చూస్తాను.