నెయిల్ ఆర్ట్ కోర్సుకు 70 వేలు కట్టమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. పుస్తకం పక్కన పడేసి గోళ్లకు జెల్ వేసుకుంటూ, రెజిన్ కీచెయిన్లు చేసుకుంటూ కూర్చుంటోంది. డిగ్రీ వద్దట, ఏదో అకాడమీలో మూడు వారాల నెయిల్ ఆర్ట్ కోర్సు చేస్తుందట. ఫీజు 70 వేలు. డిగ్రీ మేలా, ఇది మేలా? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: డిగ్రీ గురించి అడిగారు గానీ, మీ బెంగంతా చుట్టాలకు ఏమని చెప్పుకోవాలన్నదే. నెయిల్ ఆర్ట్ మీద మోజు పడినంత మాత్రాన పిల్ల చెడిపోయినట్టు కాదు. దానికి కంగారు పడకండి.

కంగారు పడాల్సింది ఆ కోర్సు గురించి. మూడు వారాల్లో డిజైన్లు వస్తాయి, పని రాదు. ల్యాంప్ వెలుగులో గట్టిపడే ఆ జెల్ నాలుగో రోజుకే లేచిపోయిందంటే తప్పు రంగుది కాదు. గోటి మొదట్లో అంటుకున్న పల్చటి చర్మం తీయలేదు, జిడ్డు తుడవలేదు, జెల్ పక్క చర్మం మీదికి పారింది, లేదా గోటి కొసను మూయలేదు. ఒకే పొర మందంగా వేస్తే పైన గట్టిపడి లోపల పచ్చిగా మిగులుతుంది. ల్యాంప్ ఆ జెల్‌కు సరిపడకపోయినా అంతే. ఈ పచ్చి జెల్ చర్మానికి పదేపదే తగిలితే అందులోని మెథాక్రిలేట్లనే రసాయనాలకు అలర్జీ రావచ్చు. వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, పంటి ఫిల్లింగుల్లోనూ అదే కుటుంబం రసాయనాలుంటాయి. జెల్ గట్టిపడటానికి వాడే టీపీఓను యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. డబ్బా మీద రాసిన రసాయనాల పేర్లు చదవడం నేర్పుతారా, ఒక్కొక్కరి చేత ఎన్ని చేతులకు వేయిస్తారు అని అకాడమీని అడగండి. జవాబు తడబడితే డబ్బు కట్టకండి. సెలూన్ వాళ్లు సర్టిఫికెట్ చూడరు, చెయ్యి చూస్తారు. లాడ్ బజార్‌లో గాజుల మీద వేడి లక్క చల్లారేలోపు రాళ్లు అద్దడం కూడా కూర్చుని చేసే కొద్దీ వచ్చేదే.

రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెజిన్‌దీ ఇదే కథ. రెండు భాగాల కొలత తప్పితే ఎన్ని రోజులైనా జిగట పోదు. డబ్బా మీద బరువు కొలత ఇస్తే కాటా మీదే తూయాలి, గ్లాసుతో కొలవకూడదు. గ్లోవ్స్ వేసుకోమనండి, కిటికీ తెరవమనండి.

ఇప్పుడు మీ సంగతి. ఉత్తరంలో ఫీజు ఎంతో రాశారు. అమ్మాయి మార్కులు రాయలేదు, ఆమె వేసిన గోళ్లు ఎలా ఉన్నాయో రాయలేదు. కీచెయిన్లు అమ్ముతోందా, ఎంత మిగులుతోంది అని ఒక్కసారైనా అడిగారా? అడగకుండా తిడితే పని మానదు, మీకు చెప్పడం మానేస్తుంది.

పోలిక క్లుప్తంగా: పదో తరగతి అర్హతతో ఐటీఐలో కాస్మెటాలజీ ట్రేడ్ ఏడాదిలో అయిపోతుంది. బీఫార్మసీ చేస్తే ఎనిమిదో సెమిస్టర్‌లో కాస్మెటిక్ సైన్స్ ఎలక్టివ్‌గా ఉంది, జెల్ తయారుచేసే వైపు వెళ్లొచ్చు. ఏది చదివినా ఆదివారాలు గోళ్లు వేసుకోవచ్చు. బైపీసీ పూర్తిచేస్తే ఈ దారులన్నీ తెరిచే ఉంటాయి, ఇంటర్ మాత్రం మధ్యలో వదలనివ్వకండి.

పరీక్షలయ్యాక ఇంట్లో ఇద్దరి చేతులకు వేయమనండి. రెండు చేతులకు ఎన్ని గంటలు పట్టింది, టిప్స్ (అతికించే గోటి కొసలు), జెల్, దాన్ని తీసే అసిటోన్, కాటన్‌కు ఎంత అయింది, తన గంటకు ఎంత కూలి వేసుకుంటుంది, అన్నీ నోట్‌బుక్‌లో రాయమనండి. పద్నాలుగో రోజున ఆ గోళ్ల అంచులు మీరే చూడండి. లేవకుండా నిలిచి ఉంటే, అప్పుడు ఫీజు గురించి మళ్లీ మాట్లాడదాం.